పైనుంచి అంటించిన మంట

హాస్టల్ వంటగదిలో అందరూ ఆమెను పెద్దక్క అనేవారు. ఆమె ఉద్యోగమంతా పొయ్యి ముందే గడిచింది. ఒక కట్టె ఎగదోసి, బూడిద లాగి, ఊదుగొట్టం అందుకునేలోగా మరో కట్టె ఆరిపోయేది. ఇంటివాళ్లతో షికారుకు వెళ్లినా అదే తంతు. "మంట సంగతి వదిన చూసుకుంటుంది" అంటూ చెల్లెలి మొగుడు చాప పరిచేవాడు. కబుర్లన్నీ ఆమె వీపు వెనకే అయిపోయేవి.

ఉద్యోగం మానేసిన ఏడాది చలికాలంలో ఆమె, భర్త, చెల్లెలు, మరిది నలుగురూ నది ఒడ్డుకు వెళ్లారు. "మంట పెడతాను గానీ, ఒకసారి కూర్చున్నాక మళ్లీ లేవను" అని ముందే తెగేసి చెప్పింది.

లావుపాటి దుంగల్ని కింద పరిచింది. వాటి మీద అడ్డంగా సన్నకట్టెలు, ఆ పైన పుల్లలు, అన్నిటికీ పైన ఎండు బెరడు.

"తలకిందులుగా పేరుస్తున్నావేంటే అక్కా?" అంది చెల్లెలు.

"కట్టెల అడితి కాపలాదారు చెప్పాడు. పైన అంటిస్తే మెల్లగా కిందికి దిగుతుందట. నేనూ ఎప్పుడూ చెయ్యలేదు, చూద్దాం."

బెరడు భగ్గున మండి చప్పున ఆరిపోయింది. మరిది పగలబడి నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది. అంతా విప్పి చూస్తే దుంగల మధ్య చెయ్యి పట్టేంత సందులున్నాయి. వాటిని ఒకదానికొకటి ఒరుసుకునేలా దగ్గరికి జరిపి, పుల్లలు రెట్టింపు వేసి మళ్లీ అంటించింది. ఈసారి మంట తొందరపడకుండా ఒక్కో వరసా అందుకుంటూ కిందికి దిగసాగింది.

అలవాటు కొద్దీ ఆమె రెండుసార్లు లేవబోయింది. "దాని మానాన దాన్ని కాలనివ్వు" అంటూ భర్త కొంగు పట్టి కూర్చోబెట్టాడు.

చేతులకు పని లేకపోయేసరికి నోరు విప్పింది. హాస్టల్ వార్డెన్ నూనె కొలిచే తీరు, మూత పెట్టబోతూ మళ్లీ ఒక చుక్క వెనక్కి పోసుకునే తీరు, ఆ గొంతుతో సహా దింపేసింది. చెల్లెలు పొట్ట పట్టుకుని చాప మీద దొర్లింది.

"ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే ఇదంతా?"

"దాచలేదే. మీరు నవ్వే టైముకి నేను పొగలో ఉండేదాన్ని."

తర్వాత పేకముక్కలు తీశారు. వరసగా మూడాటలు ఓడిపోయింది. పొద్దు వాలింది, దుంగలు మాత్రం నింపాదిగా ఎర్రబడుతున్నాయి. నీళ్లు చల్లి బయల్దేరదామని మరిది చెంబు అందుకున్నాడు.

"కూర్చోవయ్యా," అంది పెద్దక్క ముక్కలు సర్దుకుంటూ, "ఇప్పుడే మంచి ముక్కలు పడ్డాయి."