డెల్ కొవారిక్ ఎదుట నిలబడ్డవాడు

మా ఆయన డెల్ కొవారిక్ పెద్ద లీగులో పదేళ్ళకు పైగా అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాడు, బంతి చేత్తో పట్టుకుని ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటూ ఆడే ఆట. టైట్ ఎండ్‌గా, అంటే వరసలో చిట్టచివర నిలబడేవాడిగా. మిగతావాళ్ళకు ఒకటే పని. పరిగెత్తేవాడు పరిగెడతాడు, అడ్డుపడేవాడు అడ్డుపడతాడు. టైట్ ఎండ్‌కు రెండూ రావాలి. ఒక ఎత్తులో, అంటే బంతి ఒకసారి కదిలి ఆగేలోగా, ఎదుటివాణ్ణి గుద్ది వెనకవాడికి దారి చెయ్యాలి. మరో ఎత్తులో అదే గుంపులోంచి జారిపోయి గాల్లో వస్తున్న బంతిని అందుకోవాలి. పేరు మాత్రం ఎక్కువగా బంతి విసిరినవాడికే పోతుంది.

చెక్ దేశం నుంచి వచ్చి నెబ్రాస్కాలో స్థిరపడ్డ మా కుటుంబాల్లో ఇలాంటి పనికి పుట్టినవాళ్ళు ఇంటికొకరుంటారు. డెల్ వాళ్ళ నాన్న లాడిస్లావ్‌కు ఊరి బయట పొలం ఉండేది. ఎండుగడ్డి కట్టలు బండికెత్తడం పిల్లప్పుడే నేర్పాడు. "చేతులతో కాదురా, కాళ్ళతో ఎత్తు. దేన్నైనా కింద నుంచి పట్టుకోవాలి" అనేవాడట. ఊళ్ళో మా నాన్నది రొట్టెల బట్టీ. శనివారం పొద్దున్నే డెల్ వచ్చి, గల్లా బల్ల దగ్గర నిలబడే గసగసాలు నింపిన కొలాచీ రొట్టెలు ఓ పళ్ళెం ఖాళీ చేసి, ఇంటికి ఇంకో పొట్లం కట్టించుకుని పోయేవాడు. నేను అతన్ని చేసుకుంటానన్నప్పుడు మా నాన్న పిండి చేతులు దులుపుకుంటూ, "వీడు అల్లుడు కాదే మార్లిస్, కరువు" అన్నాడు.

పెళ్ళయిన కొన్నేళ్ళకు ఆ సంగతి జరిగింది. ఆగస్టు నెల. అసలు పోటీలు మొదలవక ముందు ఆడే సన్నాహపు ఆట, గెలిచినా ఓడినా లెక్కలోకి రాదు. నేను కడుపుతో ఉన్నాను. తక్కిన ఆటగాళ్ళ భార్యలతో కలిసి స్టేడియం మెట్ల మీద కూర్చుని, కాగితం గ్లాసులో మంచుముక్కలు నములుతున్నాను.

బంతి డెల్ వైపు నుంచే పోవాలి. ఎదుటి జట్టులో రెండో వరసలో నిలబడ్డ కుర్రాడు అది పసిగట్టి ముందుకు దూకాడు. యాభై ఆరు నంబరు చొక్కా. డెల్ వాడికి కింద నుంచి వెళ్ళి, రొమ్ము మీద భుజం ఆనించి, ఎత్తి, నడిపించుకుంటూ పోయాడు. వాడి వెనక అప్పటికే ఎవరో పడి ఉన్నారు. ఆ కాళ్ళు తగిలి వాడు వెల్లకిలా పడ్డాడు. డెల్ వాడి మీద పడ్డాడు. అలా తెరుచుకున్న దారిలోంచి మా జట్టులో పరిగెత్తేవాడు బంతితో చివరిదాకా పరిగెత్తాడు. జనం లేచారు. నేనూ లేచాను. డెల్ కూడా లేచి, చేతులు పైకెత్తి, పరిగెత్తినవాణ్ణి కావలించుకోవడానికి పోయాడు. వాణ్ణి భుజానికెత్తుకుని ఇటు తిరిగాక చూశాడు, యాభై ఆరు ఇంకా లేవలేదని.

అతని పేరు రోడెల్ ఫెయిర్లీ. మిసిసిపీ వాడు. చదువు ముగించుకుని అప్పుడే లీగులోకి వచ్చాడు.

మర్నాడు పొద్దున జట్టంతా చీకటి గదిలో కూర్చుని ఆట ఫిల్ము చూశారు. ప్రతి ఆట తరవాతా అది మామూలే. కోచ్ ఆ ఎత్తు దగ్గర ఫిల్ము ఆపాడట. "చూడండర్రా. కొవారిక్ నడుం ఎంత కిందుందో చూడండి. మీకు నేను మూడేళ్ళుగా మొత్తుకుంటున్నది ఇదే" అని వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడట. అందరూ చప్పట్లు కొట్టారు. మూడోసారి వేస్తుంటే ఎవరో తలుపు తీసుకుని వచ్చి ఆయన చెవిలో ఏదో చెప్పారు. కోచ్ యంత్రం కట్టేశాడు. దీపం వెయ్యడానికి మాత్రం ఎవరూ లేవలేదట. ఆ కుర్రాడి మెడ విరిగింది, ఇక నడవడు అని ఆ చీకట్లోనే చెప్పారు.

తప్పు కాదన్నారు అందరూ. రిఫరీలు తప్పు కాదన్నారు, పేపర్లు తప్పు కాదన్నాయి, రోడెల్ జట్టువాళ్ళు కూడా అదే అన్నారు. నిజమే, తప్పు కాదు. ఎవరైనా తిట్టి ఉంటే డెల్‌కు కాస్త తేలిగ్గా ఉండేదేమో.

ఇక ఈయన మెత్తబడిపోతాడనుకున్నాను. అతనూ అదే అనుకున్నాడు. ఆ ఏడు మైదానంలోకి వెళ్ళే ముందు, "ఈసారి నెమ్మదిగా పోతాను, వాణ్ణి ఆపితే చాలు" అనేవాడు. ఆట మొదలయ్యాక మాత్రం అతని కన్నా గట్టిగా గుద్దేవాడు లేడు. అతని ఆటలో అదే అన్నిటికన్నా గొప్ప ఏడు. దేశంలో ఏరిన జట్టులో పేరొచ్చింది. ఇంటికి వచ్చి వంటగదిలో మోకాళ్ళ మీద మంచుసంచులు పెట్టుకుని, చేతులు చూసుకుంటూ కూర్చునేవాడు.

"నేను వద్దనుకుంటాను మార్లిస్. బంతి కదిలేసరికి ఒళ్ళు దానంతటదే పోతుంది. నన్నడగదు."

"నేర్చిన పని కదా మరి."

"ఎదుట ఎవడు నిలబడ్డా ఆ ఫెయిర్లీ మొహమే. వాడు పడి లేచేదాకా అతనే. లేచాక వేరేవాడు."

అప్పటి నుంచి అతనికో అలవాటైంది. తను పడగొట్టిన ప్రతివాడికీ చెయ్యిచ్చి లేపేవాడు. ఎదుటి జట్టువాడు బూతులు తిడుతున్నా వదలకుండా చెయ్యి చాచి నిలబడేవాడు. పేపర్లలో పెద్దమనిషి అని రాశారు. మా ఊరి చర్చిలో పాస్టరు పిల్లలకు అతన్ని చూపించి చెప్పాడు. వాళ్ళకేం తెలుసు. కాళ్ళు కదులుతున్నాయో లేదో చూసుకోవడానికి చాచిన చెయ్యి అది.

మోకాళ్ళు అరిగి ఆట మానేశాక ఊరికి తిరిగి వచ్చాం. మామగారి పొలంలోనే ఇల్లు కట్టుకున్నాం. కౌంటీ వాళ్ళు, అంటే జిల్లా వాళ్ళు, డెల్‌కు మట్టిరోడ్లు చదునుచేసే బండి ఇచ్చారు. అంత పేరున్నవాడు రోడ్లు గీక్కుంటున్నాడేమిటని మొదట జనం నవ్వారు, తరవాత అలవాటుపడ్డారు. మా అమ్మాయి జోలీన్ బడికి పోతోంది. అంతా సర్దుకుందనుకున్నాను.

ఒక మధ్యాహ్నం సోయా చేల పక్క రోడ్డు మీద బండి ఆపేసి ఉందని పక్క పొలం వాళ్ళు ఫోన్ చేశారు. వెళ్ళాను. ఇంజను ఆడుతూనే ఉంది. డెల్ చక్రం పట్టుకుని ముందుకు చూస్తున్నాడు.

"ఏమైంది డెల్?"

"అడ్డం ఉన్నాడు."

రోడ్డు ఖాళీగా ఉంది. రెండు వైపులా చేలు, పైన ఆకాశం.

"ఎవరు?"

అతను పేరు చెప్పక్కర్లేదు. అప్పుడు బయటపెట్టాడు. మైదానంలో ఇతరుల మొహాల మీద కనబడినవాడు, ఆట మానేశాక విడిగా కనబడ్డం మొదలుపెట్టాడట. చేలగట్టు మీద, కొట్టం తలుపు దగ్గర, పెరట్లో ఇంటికి గ్యాస్ నిలవచేసే పెద్ద తొట్టి పక్కన. ఎప్పుడూ పట్టపగలే. ఏమీ అనడు. మోకాళ్ళు కొద్దిగా వంచి, చేతులు వదులుగా వేలాడేసి, బంతి ఎప్పుడు కదులుతుందా అని చూస్తుంటాడు. యాభై ఆరు నంబరు చొక్కా.

నేను భయపడలేదంటే అబద్ధం. చెత్త పారబొయ్యడానికి గ్యాస్ తొట్టి వైపు కాకుండా ఇల్లు చుట్టి పోయేదాన్ని. చివరికి, డెల్‌కు చెప్పకుండా, మిసిసిపీలో ఫెయిర్లీ వాళ్ళ నంబరు కనుక్కుని ఫోన్ చేశాను. రోడెల్ వాళ్ళమ్మ ఎత్తింది. మిస్ అర్జెల్లా, అక్కడ పెద్దావిడలను అలాగే పిలుస్తారు. నేనెవరో చెప్పాను. వెనక ఏదో పెనంలో చిటపటలాడుతోంది.

"ఇన్నేళ్ళకా?" అంది.

"అవునమ్మా."

"మీ ఆయన చేప తింటాడా?"

"ఏం పెట్టినా తింటాడమ్మా."

"అయితే తీసుకురా."

డెల్ రానన్నాడు. మళ్ళీ తనే బండి తాళాలు తీసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మిసిసిపీ దాకా తనే నడిపాడు. అక్కడ ఇంటి ముందు చక్రాల కుర్చీ కోసం వేసిన చెక్క వాలు కనబడగానే బండిలోంచి దిగలేకపోయాడు. మిస్ అర్జెల్లాయే మెట్లు దిగి వచ్చింది. సన్నటి మనిషి, చర్చికి వేసుకునే గౌను. కిటికీలోంచి అతని మొహం చూసింది.

"నీ మీద కోపం లేదని చెప్పను నాయనా. నువ్వు గుద్దినందుకు కాదు. ఆస్పత్రికి అందరూ వచ్చారు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా పూలు పట్టుకొచ్చారు. నువ్వు రాలేదు. నేను తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను."

"తప్పేనమ్మా" అన్నాడు డెల్.

"తప్పే. దిగు. చేప చల్లారిపోతోంది."

రోడెల్ వంటగదిలో బల్ల దగ్గర కుర్చీలో ఉన్నాడు. మెడ కింద నుంచి ఏదీ కదలదు. భుజాలు చిక్కిపోయాయి. కళ్ళు మాత్రం అల్లరి పిల్లాడివి. డెల్‌ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఇంతేనా నువ్వు? నన్ను గుద్దినవాడు కొండంత ఉండి ఉంటాడనుకున్నాను. అమ్మా, వేరేవాణ్ణి పంపించారే వీళ్ళు."

నేను నవ్వాలో వద్దో తెలియక గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

"నాకా ఎత్తు గుర్తులేదు కొవారిక్. ముందురోజు భోజనం గుర్తుంది, తరవాత ఆస్పత్రి పైకప్పు గుర్తుంది. నడిమిది పోయింది. ఫిల్ము చూడనివ్వదు మా అమ్మ. నువ్వు చెప్పు. నేను బాగా చదివానా దాన్ని? బంతి ఎటు పోతుందో కనిపెట్టానా?"

"కనిపెట్టావు" అన్నాడు డెల్. "అందరికన్నా ముందు నువ్వే కనిపెట్టావు. నేను అడుగు వేసేసరికే వచ్చేశావు."

"మరి ఎలా దొరికాను?"

"పైకి ఉన్నావు. నిటారుగా వచ్చావు."

రోడెల్ కళ్ళు మూసుకున్నాడు. మిస్ అర్జెల్లా పెనం దగ్గర కదలకుండా నిలబడిపోయింది.

"మా బడి కోచ్ చెబుతూనే ఉండేవాడు" అన్నాడు చివరికి. "వంగరా రోడెల్, వంగరా, ఆకాశంలో ఏముందిరా నీకు అని. మళ్ళీ చెప్పు. మొదటి నుంచి. తొందరపడకు."

డెల్ చెప్పాడు. గడ్డి ఎలా ఉందో, గాలి ఎటు వీస్తోందో, రోడెల్ ఏ కాలు ముందు వేశాడో అన్నీ. తను చేతులు పైకెత్తి గంతులేసింది కూడా చెప్పాడు. అది చెబుతున్నప్పుడు ఏడ్చాడు. "గెలిస్తే ఎవడైనా గంతులేస్తాడు. నేనైతే నీ మీద నిలబడి డాన్సు చేసేవాణ్ణి" అన్నాడు రోడెల్.

తిన్నాక, ఆకుకూర గిన్నెలు తీస్తుండగా, డెల్ పెరట్లో కనబడే మనిషి సంగతి కూడా చెప్పేశాడు. ఇది చెప్పకుండా ఉంటే బాగుండునని నేను లోపల లోపల కొట్టుకుంటున్నాను. రోడెల్ శ్రద్ధగా విన్నాడు.

"నిలబడే ఉంటానా?"

"నిలబడే ఉంటావు."

"ఎలా ఉంటాను?"

"బలంగా. ఆ రోజున్నట్టే."

రోడెల్ కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. అటే చూస్తూ అన్నాడు: "అయితే వాణ్ణి తరమొద్దు కొవారిక్. పాస్టర్లనీ డాక్టర్లనీ పిలిచి వెళ్ళగొట్టించొద్దు. ఎక్కడో ఒకచోట నన్ను నిలబడి ఉండనీ."

డెల్ సరేనన్నాడు.

ఆ తరవాత ఏటా వసంతంలో వెళ్ళేవాళ్ళం. ఆటల కాలం వస్తే ఆదివారం ఫోన్ బల్ల మీద పెట్టుకుని ఇద్దరూ ఒకే ఆట చూసేవాళ్ళు. "చూడు చూడు, ఆ గాడిద నీలాగే దొంగచాటుగా కింద నుంచి పోయాడు" అని రోడెల్ తిడుతుంటే, ఈయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు. అంతా మానిపోయిందని మా జోలీన్ అనుకునేది. మానలేదు. పెరట్లోవాడు పెరట్లోనే ఉన్నాడు. బండి తీస్తూ డెల్ అటు తల ఊపి పోయేవాడు, పొరుగింటాయనకు ఊపినట్టు. నేను మాత్రం ఎన్నడూ చూడలేదు. చూడకపోయినా ఆ చోట గడ్డి కొయ్యడం మానేశాను.

రోడెల్ ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పోయాడు. మిస్ అర్జెల్లా బతికి ఉండగానే పోయాడు. శవపెట్టె మొయ్యడానికి ఆవిడ డెల్‌ను పిలిచింది. అందరూ ఏడుస్తుంటే ఈయన పెట్టె వైపు చూడకుండా శ్మశానం కంచె వైపే చూస్తున్నాడు. తిరుగు దారిలో అడిగాను.

"అక్కడ కూడానా?"

"పోతాడనుకున్నాను. పోలేదు" అన్నాడు. సంతోషమో భయమో ఆ గొంతులో నాకు తెలియలేదు.

ఇప్పుడు డెల్ బుర్రలోంచి పేర్లు జారిపోతున్నాయి. అన్నేళ్ళ దెబ్బలు ఊరికే పోతాయా అన్నాడు డాక్టరు. మొదట ఊళ్ళ పేర్లు పోయాయి, తరవాత జట్టువాళ్ళవి. జోలీన్‌ను నా చెల్లెలనుకుంటాడు. గోడ మీద తన ఫోటో చూసి, "ఎవరిదీ బలిష్ఠమైన ఒళ్ళు" అంటాడు. మొన్న జనవరిలో, మంచు బాగా పడి వెలిసిన పొద్దున, కాఫీ తాగుతూ కిటికీ వైపు వేలు చూపించాడు.

"ఆయనెవరు?"

ఎప్పటిలాగే నాకేమీ కనబడలేదు. తెల్లటి మంచు, దాని మీద గ్యాస్ తొట్టి నీడ.

"ఎక్కడ?"

"అదుగో. చాలాసేపటి నుంచి ఉన్నాడు. మనకేసే చూస్తున్నాడు."

ఆ మొహం కూడా పోయిందన్నమాట. ఇన్నేళ్ళూ ఏదైతే పోవాలని మొక్కుకున్నానో అది పోయింది, మనిషి మాత్రం మిగిలాడు. నేను కాఫీ కప్పు కింద పెట్టాను.

"రోడెల్" అన్నాను.

"మనవాడేనా?"

"మనవాడే."

"మరి చూస్తూ కూర్చుంటావేం? లోపలికి రమ్మను. నిలబడి నిలబడి కాళ్ళు లాగేస్తుంటాయి."

లేచి వెనక తలుపు తీశాను. చలి మొహాన కొట్టింది. "లోపలికి రా రోడెల్" అన్నాను బయటికి. ఒక మనిషి లోపలికి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు తలుపు పట్టుకుని నిలబడి, తరవాత వేసేశాను. వెనక్కి తిరిగేసరికి, డెల్ తన పక్క కుర్చీ బయటికి లాగి, దాని మీదున్న నా ఉన్ని కోటు తీసి ఒళ్ళో పెట్టుకుంటున్నాడు.