యాసిడ్ సీసా, పని మానేసిన బ్యాక్టీరియా

మడికొండలో మేముండే అపార్ట్‌మెంట్‌లోనే మురుగునీటి శుద్ధి ప్లాంటు చూసుకోవడం నా ఉద్యోగం. శుద్ధయిన నీళ్లు మళ్లీ అందరి ఫ్లష్‌లకే వెళ్తాయి. పోయిన వారం ఆ నీళ్లు కొంచెం వాసనొచ్చాయి. ఇప్పుడు భరించలేని కంపు. ఈ రోజు పరీక్షిస్తే ట్యాంకులో ఆమ్లం బాగా పెరిగిపోయి ఉంది. అమ్మోనియాను తినాల్సిన బ్యాక్టీరియా ఆ పులుపు తట్టుకోలేక పని మానేసింది.

ఎవరైనా యాసిడ్ పోస్తున్నారా అని మా అసోసియేషన్ ప్రెసిడెంట్ అయిన కిరాణా సేటు అంకుల్‌ని అడిగాను.

"వాసన వస్తాందని వాట్సాప్ గ్రూపుల నేనే పెట్టిన బిడ్డా. రోజూ ఇంటికో సీసా యాసిడ్ బాత్రూముల పొయ్యమన్న."

"ఆ యాసిడ్ తోనే కంపు ఎక్కువైంది అంకుల్!"

"గట్లనా?" అన్నారు. "అయితే రెండు సీసాలు పోస్తే పోతదేమో?"

ట్యాంకులో సున్నం కలిపించి, యాసిడ్ బంద్ చేయమని గ్రూపులో ఇంత పొడుగు మెసేజ్ పెట్టి ఇంటికొచ్చాను. బాత్రూంలో మా అమ్మీ, ముక్కుకు చున్నీ కట్టుకుని, చేతిలో యాసిడ్ సీసాతో!

"నీ మెసేజ్ చూసిన. అది వాళ్లకు గదా! నువ్వేం నౌకరీ చేస్తానవో గాని, కంపంతా నేనే కడుగుతాన."

మీ ఇంట్లో మీ చదువును నమ్మేవాళ్లెవరైనా ఉన్నారా? ఉంటే ఒక్కపూట మా ఇంటికి పంపండి, ప్లీజ్.