రెండు నూనెల కారు

ఇంజను ఆయిలు రుచి ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఈ మాట ఇంతవరకు మా అమ్మకు కూడా చెప్పలేదు. నాలుకకు అంటింది ఒక్క బొట్టే అయినా, ఆ సాయంత్రం దాకా ఏం తిన్నా ఇనుమూ మసీ నమిలినట్టే ఉంది. ఆ ఇనుము వెనక మరో ఘాటు ఉంది. దాన్ని పట్టుకోవడానికే నాలుకకు పెట్టుకున్నాను.

మాది నూనె వ్యాపారం చేసే ఇల్లు. మహబూబాబాదును మేము మానుకోట అంటాం. అక్కడి బజారులో మా నాయినకు నూనెల దుకాణం ఉంది. పల్లి నూనె, నువ్వుల నూనె జనగామ నుంచి తెచ్చేవాడు. లింగాల ఘనపూర్ వైపు రైతుల పల్లీలంటే ఆయనకు గురి. ఏ టిన్ను వచ్చినా మూత తీసి, వేలు ముంచి, బొటనవేలితో రుద్ది, వాసన చూసి, చివరికి నాలుక కొనకు తగిలించి కళ్లు మూసుకునేవాడు. ఆయన కళ్లు తెరిచేదాకా తెచ్చినవాడు ఊపిరి బిగబట్టి నిలబడాలి. "కలిపిండ్రు" అన్నాడంటే టిన్ను వెనక్కి పోవాల్సిందే. ఆయన పొరపడ్డాడని బజారులో ఎవరైనా అనగా నేను వినలేదు. నూనె దానంతటది పలచబడదు, పలచబడితే దాన్ని కలిపిన మనిషి ఒకడు ఉండి తీరతాడు. అదీ ఆయన నమ్మకం. మాకూ అదే నేర్పాడు. పాలైనా పప్పుచారైనా ముందు వాసన చూశాకే నోట్లో పెట్టుకునే అలవాటు నాకింకా పోలేదు.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బళ్లు మూతపడినప్పుడు నేను ఇంట్లో కూర్చుని చదవడం మరిగాను. అద్దె పుస్తకాల దుకాణం నుంచి డిటెక్టివ్ నవలలు చాటుగా తెప్పించుకునేదాన్ని. డైరీ రాయడం కూడా అప్పుడే మొదలైంది. నలుగురిలో నోరు మెదపలేని దాన్ని. అందుకే ఎవరు ఎటు పోయారు, ఎందుకు పోయి ఉంటారు అని కాగితం మీద ఆరాలు తీసేదాన్ని. నాయిన నూనెను అనుమానించేవాడు. నేను మనుషులను.

కొన్నేళ్లకు పెట్రోలు ధర ఒక్కసారిగా మండిపోయింది. మా దగ్గర పాత నల్ల కారు ఒకటి ఉండేది. నాయిన దాన్ని అమ్మేద్దామనుకుంటుంటే జనగామ మెకానిక్ ఒక ఉపాయం చెప్పాడు. డిక్కీలో గాసునూనెకు వేరే ట్యాంకు పెట్టాడు. గాసునూనె అంటే మా వైపు కిరోసిన్. డ్రైవరుకూ పక్క సీటుకూ నడుమ, చెయ్యి అందేచోట కుళాయి లాంటి చిన్న నల్లా బిగించాడు. కారు పెట్రోలుతో స్టార్టు కావాలి. ఇంజను బాగా వేడెక్కాక నల్లా తిప్పితే గాసునూనెతో నడుస్తుంది. ఆపడానికి కాస్త ముందు మళ్లీ పెట్రోలుకు తిప్పాలి, లేకపోతే మర్నాడు ఎంత తిప్పినా లేవదు. అది చట్టం ఒప్పే పని కాదని అందరికీ తెలుసు. అయినా ఆ రోజుల్లో చాలామంది చేశారు.

"వేడెక్కకముందు మాత్రం నల్లా ముట్టకుర్రి సేటూ," అన్నాడు మెకానిక్. "గదొక్కటి చూసుకుంటె బండి మీ మనుమల కాలం దాక నడుస్తది."

నాయిన తలూపాడు. కారు జనగామ దాటగానే మాతో అన్నాడు: "వేడెక్కేదాక పెట్రోలే పొయ్యాల్నట. వీనికీ బంకోనికీ దోస్తీ ఉన్నట్టున్నది."

మా డ్రైవరుది గంగారం ఊరికి పోయే దారిలోని ఒక తండా. భార్యతో వాళ్ల భాషలో మాట్లాడేవాడు, మాతో తెలుగులో. నన్ను చిన్నమ్మా అని పిలిచేవాడు. ఇద్దరూ మా గోదాము వెనక గదిలో ఉండేవాళ్లు. మానుకోటలో కార్లున్నవాళ్లు కొద్దిమందే, వాళ్లంతా మా బజారువాళ్లే. ఒక షావుకారు దగ్గర చెడ్డపేరు వచ్చిందంటే ఇంకొకరు పని ఇవ్వరు.

ఊరు దాటి రైలు గేటు వచ్చేదాకా అతను నల్లా తిప్పేవాడు కాదు. నాయినకు అంత ఓపిక లేదు. ముందు సీట్లో కూర్చుని, బజారు మలుపు తిరగ్గానే తనే చెయ్యి చాపి తిప్పేసేవాడు. కారు దగ్గేది, వణికేది, వెనక తెల్లటి పొగ వదిలేది.

"ఇంక కాగలే సేటూ," అనేవాడు డ్రైవరు.

"కాగకుంటె ఎట్ల నడుస్తున్నదిరా?"

నడిచేది. అదే మాకు వచ్చిన కష్టం.

నాయిన కారు నూనెను కూడా దుకాణం నూనెలాగే చూసుకునేవాడు. ఇంజనులో ఆయిలు కొలిచే కడ్డీని తరచుగా తీసి చూసేవాడు. ఒకసారి ఆయిలు గీత కంటే పైకి ఉంది. తర్వాత చూస్తే ఇంకా పైకి. ఏ కారులోనైనా ఆయిలు తగ్గుతుంది గాని పెరగదు. ఎదురు దుకాణం బట్టల వ్యాపారి మెట్ల మీది నుంచే అరిచాడు: "ఏంది సేటూ, నీ కారు నూనె తాగుతదా, ఈనుతదా?"

బజారంతా నవ్వింది. నాయిన కూడా నవ్వాడు. తర్వాత ఆయిలును వేళ్ల మధ్య రుద్దాడు, నవ్వు ఆగిపోయింది. పొట్లాలు కట్టే కాగితం మీద ఒక చుక్క వేశాడు. చిక్కగా నిలవాల్సిన చుక్క గబగబా పాకింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"కలిపిండు," అన్నాడు.

ఆ మాట ఇంట్లో అన్నా బాగుండేది. దుకాణం ముందు, అందరూ వింటుండగా అన్నాడు. "మంచి ఆయిలు తీసి అమ్ముకున్నడు. గీత దాక నిండాలె గద, గాసునూనె పోసిండు. ఎంత పొయ్యాల్నో తెల్వక జర ఎక్కువ పోసిండు."

డ్రైవరు తడి గుడ్డతో కారు అద్దం తుడుస్తున్నాడు. గుడ్డ అలాగే అద్దం మీద ఆగింది. "మా అమ్మ మీద ఒట్టు సేటూ, నేను ముట్టలే," అన్నాడు.

"దొరికినోడు ఎవడు ముట్టిన అన్నడు?" అన్నాడు బట్టల వ్యాపారి.

నేను కూడా అతని మాట నమ్మలేదు. రోజూ పొద్దు గూకే వేళకు అతను ఒక గుడ్డ, ఒక గాజు సీసా పట్టుకుని కారు పక్కన కూర్చోవడం మా మేడ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. సీసాలోకి ఏదో వంచేవాడు, వెలుతురుకు ఎత్తి చూసేవాడు, గోడ అవతలికి పోయి వచ్చేవాడు. నా నవలల్లో ఇంతకంటే తక్కువకే మనుషులు పట్టుబడ్డారు. కాని నాయినకు చెప్పలేదు. అతని భార్య నిండు చూలాలు. నేను చెప్పాల్సిన అవసరం రాకుండానే అంతా బయటపడుతుందనుకున్నాను.

నాయిన ఒక పరీక్ష పెట్టాడు. పాత ఆయిలంతా వదిలించి, తన కళ్ల ముందే కొత్తది పోయించాడు. కింద ఆయిలు వదిలే బిరడాకు దారం చుట్టి, నూనె టిన్నులకు వేసినట్టే లక్క ముద్ర వేశాడు. బానెటుకు గొలుసు, గొలుసుకు తాళం. తాళంచెవి ఆయన మొలతాడుకు వేలాడేది. రేడియేటరులో నీళ్లు పోయాలన్నా ఆయనే వచ్చి తాళం తీసి, పక్కన నిలబడి, మళ్లీ వేసేవాడు. "భూపాలపల్లికి పొయ్యేదాక గిట్లనే ఉంటది. అల్లుని ముందర తెరుస్త. ఆయిలు మంచిగుంటె ఉంటవు. పలచనైతె మూట సర్దుకో," అని డ్రైవరుతో చెప్పాడు.

భూపాలపల్లిలో మా అక్క కాపురం. గొలుసు గలగలలాడుతుండగా కొన్నిసార్లు జనగామ పోయి వచ్చాక ఒక ఉదయం అటు బయలుదేరాం. నేను వెనక సీట్లో అక్క కోసం పెట్టిన పచ్చడి జాడీని ఒళ్లో పట్టుకుని కూర్చుని డ్రైవరు చేతులనే చూస్తున్నాను. నర్సంపేటలో ఆగాం, పరకాలలో ఆగాం. రెండుచోట్లా నాయిన వ్యాపారుల దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. ఇంజను చల్లారిపోయేది. మళ్లీ స్టార్టు కాగానే ఆయన చెయ్యి నల్లా మీదికి పోయేది. తెల్లటి పొగ. చెల్పూరు దాటేసరికి నేను డ్రైవరు చేతులను వదిలి నాయిన చేతిని చూడడం మొదలుపెట్టాను.

అక్క ఇంటి ముందు, మా బావ చూస్తుండగా, నాయిన లక్క ముద్రను వేలితో తడిమాడు. చెక్కు చెదరలేదు. తాళం తీశాడు. కడ్డీ లాగాడు. ఆయిలు గీత దాటి ఉంది. వేళ్లతో రుద్ది బావకు చూపించాడు.

"దొంగ తాళంచెవి చేయించిండేమో మామా," అన్నాడు బావ.

"రాత్రిపూట గొలుసు సప్పుడైతె మీకు వినొస్తది గద సేటూ," అన్నాడు డ్రైవరు. "పగలు నా రెండు చేతులు స్టీరింగు మీదనే ఉన్నయి. నాకేమన్న నాలుగు చేతులున్నయా?"

"నీకెన్ని చేతులున్నయో నాకెట్ల తెలుస్తది?" అన్నాడు నాయిన.

అందరూ భోజనానికి లోపలికి వెళ్లారు. డ్రైవరు వీధి చివరి టీ కొట్టు వైపు పోయాడు. బానెటు తెరిచే ఉంది. నేను కడ్డీ లాగి, చివరనున్న చుక్కను నాలుకకు పెట్టుకున్నాను. నాయిన మాట నిజమే, అందులో గాసునూనె ఉంది. దీపంలో గాసునూనె పోసిన చేత్తో పొరపాటున అన్నం తిన్నప్పుడు గొంతులో కొట్టే ఘాటు అదే. ముద్ర పగలకుండా, తాళం తీయకుండా అది లోపలికి ఎలా పోయింది? బయటినుంచి పోలేదు. అయితే నల్లా నుంచే పోయి ఉండాలి. చల్లటి ఇంజనులో కాలని గాసునూనె ఎక్కడికో దిగాలి గదా.

లోపలికి పోయి నోరు కడుక్కుని విస్తరి ముందు కూర్చున్నాను. "నాయినా," అన్నాను. "ముద్ర పగల్లే. తాళంచెవి నీ మొలకే ఉన్నది. బండి సల్లగున్నప్పుడు నల్లా తిప్పింది కూడ నువ్వే గద."

వడ్డిస్తున్న అక్క చెయ్యి ఆగింది. "గీ పిల్లకు మాటలొస్తయా?" అన్నాడు బావ.

నాయిన నన్ను కూడా అనుమానంగానే చూశాడు, డ్రైవరే నాతో చెప్పించాడేమో అన్నట్టు. చివరికి అన్నాడు: "అయితె ఆయిలు మళ్ల మార్పిస్త. ఇప్పటిసంది నల్లా నీ చేతిల. వాడు ముట్టొద్దు, నేను ముట్ట. చూద్దాం."

తిరుగు ప్రయాణంలో నేను ముందు సీట్లో, నాయిన వెనక. మా ఇద్దరి భుజాల మధ్య నుంచి ఆయన తల ముందుకు చాచి కూర్చున్నాడు. డ్రైవరుతో నేను మొదటిసారి మాట్లాడింది అప్పుడే.

"ఎప్పుడు తిప్పాలె?"

"గా వేడి చూపే ముల్లు నడుమకు రానియ్యుర్రి చిన్నమ్మా. గప్పుడు బండి దగ్గది."

ముల్లు నడుమకు వచ్చింది. తిప్పాను. కారు దగ్గలేదు, పొగ రాలేదు. ధైర్యం వచ్చి ఇంకో మాట అడిగాను, సాయంత్రం సీసాలో ఏం వంచుతారని.

అతను రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండానే నవ్వాడు. "గాసునూనెల నీళ్లు, మడ్డి ఉంటయి. అడుగుది వంపి పారబోస్త. మీరు కిటికీల నుంచి చూసుడు నేను చూస్తనే ఉన్న."

ఆ తర్వాత నాయినతో ఎక్కడికి పోయినా నల్లా నాదే. ఆయిలు గీత దగ్గరే నిలిచింది, చిక్కదనమూ నిలిచింది. జనగామ మెకానిక్ విని, "సల్లటి ఇంజన్ల గాసునూనె సగమే కాలుతది. మిగిలింది ఆయిల్లకు దిగుతది. మొదలే చెప్పిన గద," అన్నాడు. నాయిన ఇంటికి వచ్చాక గొలుసు తీసేశాడు. గాసునూనె కూడా మునుపటికంటే తక్కువ ఖర్చవుతోందని అమ్మతో మెల్లగా అన్నాడు. ఆ కారు తర్వాత చాలా ఏళ్లు నడిచింది. ఇంజను విప్పాల్సిన పని పడలేదు.

గొలుసు తీసిన వారమే బట్టల వ్యాపారి అడిగాడు: "దొంగతనం బందైందా సేటూ?"

నాయిన టిన్నులు సర్దుతూ, తల ఎత్తకుండా, "ఇప్పుడు బుద్ధిగనే ఉంటున్నడు," అన్నాడు.

డ్రైవరు అక్కడే ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం నేను నాయినను అడిగాను. "అతను తియ్యలేదని ఒక్క మాట చెప్తె అయిపోతది గద?"

"చెప్తె ఏమంటరు? నూనె షావుకారికి నూనె తెల్వలే అంటరు. రేపు నేను టిన్ను వాపసిస్తె ఎవడన్న ఇంటడా? జీతం ఇస్తున్న, గది ఇచ్చిన. ఇంకేం గావాలె వానికి?"

అతనికి కావలసిందేదో నాయినకు తెలుసు. అది ఇస్తే తన నాలుక మీద బజారుకున్న నమ్మకం పోతుందని భయం.

బిడ్డ పుట్టి నడుము నిలిపే వేళకు డ్రైవరు భూపాలపల్లి వైపు కలప లారీ మీద పని చూసుకున్నాడు. నాయిన ఉండమన్నాడు, రెండుసార్లు మనిషిని కూడా పంపాడు. అతను రాలేదు. బస్సు కోసం భార్యాబిడ్డలతో గోదాము ముందు నిలబడి ఉంటే నేను బిడ్డకు ఒక చొక్కా ఇవ్వడానికి కిందికి దిగాను. నాయిన మనసులో ఏమీ లేదని, నేను చెప్పింది ఆయన ఒప్పుకున్నాడని ఏదో సర్దిచెప్పబోయాను. అతను బిడ్డను భుజం మార్చుకున్నాడు. ఎదురు దుకాణం మెట్ల మీద కూర్చున్నవాళ్ల వైపు ఒకసారి చూశాడు.

"మీరు చెప్పింది సేటు ఒక్కడే ఇన్నడు చిన్నమ్మా," అన్నాడు. "సేటు చెప్పింది బజారంత ఇన్నది."