చేతిలో దొరకని నరం

“నేను దిగిపోతా అత్తా. ఇంకోసారి పొడిపించుకోను.”

“కూర్చో. టికెట్టు కొట్టించినాక దిగేదేంది?”

“నీ చేతికి పొడిసుంటే తెలిసేది.”

“నా చేయి ఇమ్మంటే ఇస్తా. రక్తం తక్కువైంది నీకు కదా.”

పుంగనూరులో కుప్పం బస్సెక్కినప్పటి నుంచి నాకూ మా కోడలికీ ఇదే పోట్లాట. అంతకుముందు మదనపల్లెలో రక్తం ఎక్కిద్దామని రెండు చేతులూ పొడిచారు. నరం దొరకలేదు, చేతులు మాత్రం వంకాయల్లా కమిలిపోయాయి. ఎక్కించకపోతే మనిషి దక్కదన్నారు. భయం పుడితే నాకు కోపం తప్ప ఇంకోటి రాదు.

మా పక్కన తలకు గుడ్డ చుట్టుకున్న ఒకామె కూర్చోని ఉండింది.

“స్కానింగు పెట్టి సూది వేయమని అడగండమ్మా,” అనింది.

“దీనికి కడుపు లేదు తల్లీ, స్కానింగు యాల?” అన్నాను. మా ఊళ్లో స్కానింగంటే కడుపుతో ఉన్నోళ్లకే.

ఆమె నవ్వలేదు. మా కోడలి చేయి తన ఒడిలోకి తీసుకుని, చల్లటి నీళ్ల సీసాను మోచేతి పైన మెల్లగా జరిపింది.

“ఇట్ల జరుపుతారు. లోపలుండే నరం టీవీలో నల్లగా, గుండ్రంగా కనపడతాది. దాన్ని సూసుకుంటా సూది దించుతారు. మందు ఎక్కించేటప్పుడు నాకూ అట్లే ఏస్తాండారు.”

మా కోడలు చేయి వెనక్కి తీసుకోలేదు. ఆమె వి.కోటలో దిగేదాకా అక్కడే ఉంచింది. నేనూ అరవడం మానేశాను.

మరుసటి రోజు పొద్దున కుప్పం ఆసుపత్రిలో డాక్టరమ్మను అడిగాను. ఆమె ఆ మిషన్ తెప్పించి చేతి మీద పెట్టింది. సూది ఒక్కసారికే దిగింది. రక్తం ఎక్కుతుండగానే మా కోడలు నిద్రపోయింది.