ఏ బండైనా సరే బిషెంతేకి

ఆగిన బండిని వద్దనడం మా బిషెంతేకి చేతకాదు. అది ఎటు పోతోందన్నది అతని లెక్కలో చిన్న విషయం. బొటనవేలు చూపించి లిఫ్టు అడిగేవాళ్లు చాలామందే ఉంటారు గానీ, వెనక్కి పోయే బండిని కూడా సంబరంగా ఎక్కేవాణ్ణి నేను అతనొక్కణ్ణే చూశాను.

ఆ శనివారం మా స్నేహితురాలు మైలిస్ వాళ్ల అక్క పెళ్లి. కొండకు ఇవతల ఫ్రాన్సులో మేము, అవతల స్పెయిన్‌లో పెళ్లి. పెళ్లికూతురి తరఫు సాక్షి మైలిసే. పరీక్ష ఉండి ముందురోజు వెళ్లలేకపోయింది. తీరా వెళ్దామంటే బస్సులవాళ్లు సమ్మెలో ఉన్నారు.

"పాక్కుంటూ అయినా సరే, సాయంత్రానికి ఆ చర్చిలో ఉంటాను," అంది. తోడుగా నేనూ బిషెంతే బయలుదేరాం.

మొదట రొట్టెల వ్యాను ఆగింది. "నేను కింది ఊరికయ్యా," అన్నాడు డ్రైవరు.

"భలే! మేమూ అటే!" బిషెంతే అప్పటికే లోపల ఉన్నాడు.

"ఒరేయ్, మనం పోవాల్సింది కొండ మీదికిరా!" అన్నాను.

"కింది ఊరినుంచి మాత్రం కొండకి దారి లేదా ఏంటి? ఎక్కు!"

ఎక్కాం. దిగేసరికి పెళ్లి ఇంకాస్త దూరమైంది.

తరవాత శవాల బండి ఆగింది. "ఖాళీయే గానీ, ఇద్దరు వెనక పడుకోవాలి," అన్నాడు దాని యజమాని మొహమాటపడుతూ. మైలిస్ ముందు కూర్చుంది, మేమిద్దరం వెనక పడుకున్నాం. దారిలో జనం టోపీలు తీసి నిలబడ్డారు. అంత మర్యాద చేస్తుంటే పలకరించకపోతే బాగుండదని బిషెంతే లేచి కూర్చుని అద్దంలోంచి చెయ్యి ఊపాడు. ఒకావిడ కూరల బుట్ట అక్కడే పారేసి పరుగు తీసింది.

ఆ బండి కొండ సగంలో ఉన్న శ్మశానం దగ్గర మమ్మల్ని దించేసింది. వాన మొదలైంది. పైకి పోయే బండి ఒక్కటీ లేదు. మైలిస్ బూట్లు బిగించి నడక సాగించింది. మలుపు తిరగ్గానే ఎదురుగా కనుమ మీదనుంచి ఓ డొక్కు వ్యాను దిగుతూ వచ్చింది. మేము చెయ్యెత్తనే లేదు, అదే ఆగింది. లోపల ఓ ముసలావిడ, వెనక నెలల తరబడి ముగ్గబెట్టి ఘాటుగా కంపుకొడుతున్న గొర్రెపాల జున్ను ముద్దలు.

"తడిసిపోతున్నారు, ఎక్కండి. సంతకి పోతున్నా," అందావిడ.

"భలే! మేమూ..." అని బిషెంతే తలుపు తీశాడు. మైలిస్ అతని కాలరు పట్టుకుంది.

"ఎక్కావంటే చంపేస్తా! మా అక్క పెళ్లి అటు, నువ్వు ఇటు! 'వద్దు' అన్న ఒక్క మాట నీకు నోరు తిరగదా?"

బిషెంతే మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఆపి మరీ రమ్మంటుంటే వద్దంటే వాళ్ల మనసు నొచ్చుకోదూ? రేపు ఇంకెవరో వానలో నిలబడితే ఈవిడ ఆపకపోతే?"

ముసలావిడ ఇంజను కట్టేసింది. "ఈ కంపు భరించలేక నా బండి ఇంతవరకూ ఎవరూ ఎక్కలేదు నాయనా. ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకునేవాళ్లు. ఇంతకీ పెళ్లెక్కడ?"

మైలిస్ ఊరి పేరు చెప్పింది.

"మరి సంత?" అన్నాన్నేను.

"నా జున్ను పెళ్లివాళ్లు తినరా ఏంటి?" అంటూ ఆ ఇరుకు రోడ్డు మీదే, లోయ అంచున, వ్యాను వెనక్కి తిప్పింది. మైలిస్ కళ్లు గట్టిగా మూసుకుంది. బిషెంతే చప్పట్లు కొట్టాడు.

సరిహద్దులో కాపలావాడు, "లోపల ఏముంది?" అని వెనక తలుపు తీశాడు. తీసినంత వేగంగా మూసేశాడు. "పొండి, పొండి, త్వరగా పొండి!"

చర్చి గంటలు మోగుతుండగా దూకాం. పెళ్లికూతురు మెట్ల మీద ముసుగు పైకెత్తుకుని దారి చూస్తోంది. "గొర్రెల మందలో పడుకుని వచ్చారా?" అంటూనే చెల్లెల్ని వాటేసుకుంది. ఆ సాయంత్రం ముసలావిడ జున్ను ముక్క మిగల్లేదు. బిషెంతే ఆవిడతో కాళ్లు నొప్పులు పుట్టేదాకా డాన్సు చేశాడు.

మర్నాడు పెళ్లికొడుకు తమ్ముడు కారు తెచ్చాడు, మా ఇళ్ల ముందే దింపుతానన్నాడు. అంతలో ముసలావిడ వ్యాను కిటికీలోంచి తల బయటికి పెట్టింది. "మా ఊరి మీదుగా పోతాను, చాలా చుట్టు. ఎవరైనా వస్తారా?"

బిషెంతే నోరు తెరిచేలోపే మైలిస్ పరుగెత్తి ముందు సీట్లో కూర్చుంది.