భుజం నొప్పని చెప్పిన మంగాయమ్మ

ఏలూరు కాలవ గట్టు మీద మంగాయమ్మ కేక వినపడితే చాలు, వీధిలో పిల్లులు కూడా గుమ్మాల్లోకి వచ్చేవి. చేపల గంప దించకముందే బేరం మొదలెట్టేది. అలాంటి మనిషి ఆ వేసవిలో బేరం మధ్యలో ఆగిపోయి, పైట సర్దుకుంటున్నట్టు ఎడం రొమ్ము దగ్గరికి చెయ్యి పోనిచ్చేది. అక్కడ బఠాణీ గింజంత గట్టిగా ఏదో తగిలేది. నొప్పి లేదు. నొప్పి లేనిదానికి డాక్టరెందుకని రోజూ అనుకునేది, రోజూ తడుముకునేది. పెరిగిందా? లేదేమో. మళ్ళీ చూసుకునేది.

పక్కింటి తెరేసమ్మ ఆ చేతిని కనిపెట్టేసింది. నిలదీసి సంగతి రాబట్టి, మర్నాడే రిక్షా ఎక్కించి మిషను ఆస్పత్రికి లాక్కుపోయింది. మొగుడు పేరయ్యకు మాత్రం భుజం నొప్పనే చెప్పి బయల్దేరింది మంగాయమ్మ.

లోపల బల్ల వెనక మగ డాక్టరు. ఆమె పెద్దకొడుకంత వయసు. "ఏమిటమ్మా బాధ?" అన్నాడు. మంగాయమ్మ పైట ఇంకాస్త బిగించుకుంది.

"గంప మోసీ మోసీ భుజం లాగుతోందండీ."

ఆయన భుజం నొక్కి చూసి, పూతమందు సీసా ఇచ్చి పంపేశాడు.

బయట తెరేసమ్మ ఆ సీసా వంక చూసింది.

"చూపించావా?"

"చూపించా."

"ఏది?"

"భుజం."

"నీ భుజానికేం రోగమే! పద లోపలికి."

"మగ డాక్టరొదినా!"

"డాక్టరమ్మ ఉందేమోనని అడిగావా? ఊరందరికీ చేప మొప్పలెత్తి మరీ చూపిస్తావు, నీ ఒంటి సంగతి చెప్పడానికేమొచ్చింది?"

అడిగితే, డాక్టరమ్మ వెనక గదిలోనే ఉంది. రొమ్మంతా, చంక కిందా వేళ్లతో మెల్లగా తడిమి చూసింది.

"కాన్సరో కాదో ఇప్పుడే చెప్పలేను. గడ్డ తీసి పరీక్షకు పంపాలి. నొప్పి లేదని ఊరుకోకుండా వచ్చావు, మంచిపని చేశావు. సోమవారం ఆపరేషనుకి మీ ఆయన్ని తీసుకురా" అంది.

ఇంటి ముందు పేరయ్య వల బాగుచేసుకుంటున్నాడు. "భుజానికేమన్నారే?" అనడిగాడు.

అరుగుల నిండా జనం. ఇప్పుడూ భుజమేనంటే ఇక సోమవారం వెళ్లేది లేదు.

"భుజం కాదు, రొమ్ములో గడ్డ" అంది, చేపలమ్మే గొంతుతోనే. "సోమవారం కోస్తారంట. నువ్వు రావాలి."

"మెల్లగా చెప్పవే" అన్నాడు పేరయ్య, చుట్టూ చూస్తూ.

"ఇన్నాళ్లూ మెల్లగానే ఉన్నా."

పేరయ్య వల పక్కన పడేసి లేచాడు.

"పొద్దున్నేనా?" అన్నాడు.