బాపు వచ్చే తొవ్వ

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలమంతా నాకు నిద్ర కరువైంది. మా బోరు ఎండిపోయాక బాపు ఇబ్రహీంపట్నంలో ఉన్న కొద్దిపాటి పొలాన్ని సాగు మాని పడావు పెట్టి, సిటీలో మేస్త్రీ పనికి పోతుండేవాడు. ఆ రోజుల్లో ఎల్బీనగర్ చుట్టుపక్కల ఎటు చూసినా అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. పనికి కొదవ లేదు. పొద్దున్నే స్కూటర్ మీద వెళ్లినవాడు చీకటి పడ్డాక ఎప్పుడో ఇల్లు చేరేవాడు.

మా వాడకట్టులో పాలు పోసే మామ ఒకాయన ఉండేవాడు. ఆయన కూడా రోజూ సిటీకి వెళ్లి వచ్చేవాడే. ఒక రాత్రి తిరిగి వస్తుంటే, బాపు కూడా రోజూ వచ్చే సాగర్ రోడ్డు మీద ఇసుక లారీ గుద్ది చనిపోయాడు. తెల్లారి అమ్మ వెంట నేనూ వాళ్లింటికి వెళ్లాను. ఆయన కూతురు నా క్లాసుదే. వాకిట్లో ఒక మూలన కూర్చుని ఉంది. ఏడవడం లేదు. వచ్చే పోయే వాళ్ల కాళ్లను చూస్తోంది.

ఆ రోజు మొదలు, నేను పడుకుని కళ్లు మూసుకుంటే చాలు, లారీ వచ్చేది. బాపు స్కూటర్ చప్పుడు వినబడే దాకా మేలుకునే ఉండేదాన్ని. చప్పుడు విన్నాక కూడా దడ తగ్గేది కాదు, రేపు మళ్లీ పోతాడు కదా. అమ్మ మొదట్లో జోకొట్టింది, తర్వాత విసుక్కుంది. నాయనమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేసింది. పక్కింటి అక్క తాయత్తు కట్టించమంది. అందరూ ఏం కాదనే చెప్పారు. పాలు పోసే మామ ఇంట్లో కూడా అట్లాగే అనుకుని ఉంటారు కదా అని నాకు లోపల అనిపించేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఒక ఆదివారం బాపు వాకిట్లో స్కూటర్ కడుగుతూ నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఏమైంది బిడ్డా, రాత్రిపూట పండుకుంటలేవట?"

చివరికి అనేశాను. "నిన్ను గూడ లారీ గుద్దితె?"

"గసొంటి మాటలు తియ్యకు!" అని అమ్మ లోపలి నుంచి కసిరింది. బాపు ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. ఆయన కూడా ఏం కాదనే అంటాడనుకున్నాను. అనలేదు.

"నాక్కూడ భయమైతది," అన్నాడు. "గందుకే జర మెల్లగ వస్త. నేనెట్ల వస్తనో నువ్వు సూడలేదు గద. నడువు, సూపిస్త."

నన్ను వెనక ఎక్కించుకుని ఎల్బీనగర్‌లో ఆయన పనిచేసే బిల్డింగు దాకా తీసుకెళ్లాడు. అక్కడ చాయ్ తాగి వెనక్కి తిరిగాం. దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. ఇంజాపూర్ దగ్గర లైట్లు లేని చోట ఏదైనా బస్సు వెనకే వస్తాడట. తుర్కయంజాల్‌లో ఒక పంచర్ దుకాణం దగ్గర ఆగి ముఖం కడుక్కుంటాడట. ఎదురుగా లారీ లైటు కొడితే మట్టిలోకి దిగి నిలబడతాడట. రోడ్డుకు రెండు పక్కలా ప్లాట్ల హద్దులకు పాతిన తెల్లరాళ్లు, వాటి మధ్య మేస్తున్న మేకలు. బొంగులూరు దాటాక ఒకచోట స్కూటర్ ఆపి, "గిక్కడనే," అన్నాడు. పాలు పోసే మామ చనిపోయిన చోటు అది. మామూలు రోడ్డే. మేమిద్దరం దిగి, రోడ్డు పక్కన నిలబడి చూశాం. నేను కళ్లు మూసుకుంటే కనబడే రోడ్డు మీద ఒక్క లారీయే ఉండేది. ఇక్కడ లారీలు చాలా పోతున్నాయి, కానీ వాటి పక్క నుంచి చూసుకుని నడిపే మా బాపు కూడా ఉన్నాడు.

ఇంటికొచ్చాక అన్నాడు, "నిద్ర రాకుంటె దాంతోని కొట్లాడకు. కండ్లు మూసుకొని, మనసుల ఎల్బీనగర్ల నా ఎనక ఎక్కి కూసో. మెల్లగ, ఒక్కొక్క ఊరు దాటుకుంట, నన్ను ఇంటికి తోలుకరా."

మొదటి రాత్రి మనసులో ఇల్లు చేరేశాను గానీ నిజంగా బాపు ఇంకా రాలేదు. మళ్లీ ఎల్బీనగర్ నుంచి బయలుదేరాను. మరుసటి రాత్రి తుర్కయంజాల్ దాటడం వరకే గుర్తుంది. ఆ తర్వాత కూడా కొన్ని రాత్రులు మేలుకునే ఉన్నాను. అయినా వానలు పడి బడి తెరిచేసరికి నిద్ర దారిలో పడింది. బడిలో పాలు పోసే మామ కూతురి పక్కన కూర్చున్నాను. ఆ ఏడాదంతా అక్కడే కూర్చున్నాను.

బాపు ఆ రోడ్డు మీద చాలా ఏళ్లు తిరిగాడు. ఒకసారి పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు కూడా. చివరికి ముసలితనంలో జబ్బు చేసి, ఇంట్లోనే, మా అందరి మధ్యా పోయాడు.

ఇప్పుడు మా ఇంట్లో నేనే పెద్దదాన్ని. మా తమ్ముడి బిడ్డ పరీక్షల ముందు నిద్ర పట్టక నా మంచం దగ్గరికి వస్తుంటుంది. ఆ పిల్లకు ఏం కాదని ధైర్యం చెప్పాలని నాకూ ఆత్రంగానే ఉంటుంది. ఆ ఆత్రాన్ని ఆపుకుని, జరిగి చోటిస్తాను. దేనికి భయమైతుందో చెప్పమంటాను. చెప్పడం అయిపోయే దాకా ఊ కొడుతూ వింటాను.